ఆకుల కింద ఊపిరి

మసకకోన అనే అడవిలో ఎలుగుబంట్లు, కుందేళ్లు, ఉడుములు, నక్కలు ఉండేవి. అక్కడి పొగమంచు గురించి చెబితే మీరు నమ్మరు. చలికాలంలో మిట్టమధ్యాహ్నం కూడా ఎవరి తోక వాళ్లకు కనిపించేది కాదు. ఒక నక్క తనదే అనుకొని పక్క నక్క తోకను నెల్లాళ్లు దువ్విందట!

ఆ అడవి నడుమ ఒక పాడుబడ్డ బంగ్లా ఉంది. మనుషులు ఎప్పుడో వెళ్లిపోయారు. కరెంటు మాత్రం వెళ్లలేదు. ఎవరి కోసమో తెలియదు, అలా వస్తూనే ఉండేది. గోడలోని ప్లగ్గు పెట్టె తన మూడు రంధ్రాలతో, రెప్పవేయని మూడు కళ్లతో, ఖాళీ గదుల్ని చూస్తూ ఉండేది.

ఆ ఏడు చలి ఎంత ముదిరిందంటే, మాట్లాడితే మాటలు గడ్డకట్టి కాళ్ల మీద పడేవి. సరిగ్గా అప్పుడే మెత్తమ్మ అనే కుందేలు పిల్లల్ని కన్నది. పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదు. ఒంటి మీద నూగు కూడా రాలేదు. బొరియలో ఉంటే తెల్లారేసరికి కొయ్యబారిపోతాయి. అందుకని వాటిని కరుచుకొని బంగ్లాకు పరిగెత్తింది.

బంగ్లాలో బొచ్చుదొర అనే ఎలుగుబంటి కాపురం ఉండేది. దాని బొచ్చు ఎంత ఒత్తుగా ఉండేదంటే, అందులో దారితప్పిన పిచ్చుక బయటికొచ్చేసరికి ముసలిదైపోయింది.

"దొరా, నా బిడ్డలకు కాస్త వెచ్చదనం ఇప్పించు," అంది మెత్తమ్మ.

"హాల్లో పడుకోబెట్టు. నా ఇనప హీటరు చూశావా? అడవినంతా కాచగలదు!" అన్నాడు బొచ్చుదొర.

హీటరు కొండంత బరువు, కదలదు. దాని తీగ పొట్టిది, ప్లగ్గు పెట్టె దాకా అందదు. నడుమ ఎక్స్‌టెన్షన్ తీగ కావాలి. అటక మీద రెండు ఉన్నాయి. ఒకటి ఎర్రది, సన్నది, చాంతాడంత పొడుగు, ప్లగ్గులు పెట్టడానికి దానికి బోలెడు నోళ్లు. రెండోది నల్లది, లావుది, హాలుకు సరిపడా పొడుగు, దానికి ఒకటే నోరు.

గోడ మీద గరుకవ్వ అనే ముసలి ఉడుము ఉంది. "ఒరే, నల్లది తీసుకోరా," అంది.

"మోటుగా, లావుగా, అచ్చం నీలాగే ఉందవ్వా! ఎర్రది చూడు, ఎంత ముద్దుగా ఉందో. దీనికే హీటరూ పెడతాను, తేనె కాచుకునే కరెంటు పొయ్యీ పెడతాను."

"హీటరు తిండిపోతురా. దాని తిండంతా ఆ సన్నని గొంతులోంచి దిగాలంటే గొంతు కాలిపోదూ? పైగా పెట్టెకు మూడు కళ్లుంటే, ఎర్రదానికి రెండే పిన్నులు. నల్లదానికి మూడున్నాయి. ఆ మూడోది షాకు కొట్టకుండా మనల్ని కాపాడేదిరా."

"బల్లి జాతివి, నీకేం తెలుసు?"

"ఉడుమును పట్టుకొని బల్లి అంటావా!" గరుకవ్వ అలిగి పైకప్పులోకి వెళ్లిపోయింది.

మసకకోనలో ఒక ఆచారం ఉంది. ఇంటికి కొత్త వస్తువు వస్తే దిష్టి తగలకుండా ఎండుటాకులు కప్పుతారు. బొచ్చుదొర ఎర్ర తీగకే హీటరూ, పొయ్యీ తగిలించి, మిగిలిన దాని పొడవును చుట్టలు చుట్టి, దాని మీద ఆకులు కుప్పపోశాడు. ఆ కుప్ప పక్కనే మెత్తమ్మ పిల్లల్ని పడుకోబెట్టింది.

హీటరు ఎర్రగా కళ్లు తెరిచింది. పొయ్యి మీద తేనె కుతకుతలాడింది. గది వెచ్చబడింది. పిల్లలు కదిలాయి.

తర్వాత గదిలో ఏదో మారింది.

గాలి లేదు. అయినా ఆకులు గుసగుసలాడాయి. ఉస్స్... ఉస్స్... చేపలు కాల్చినట్టు వాసన వచ్చింది. మసకకోనలో ఏరు లేదు, చేపను చూసినవాళ్లు లేరు. ఆ వాసనకు ఏం పేరు పెట్టాలో ఎవరికీ తెలియలేదు.

"దొరా," అంది మెత్తమ్మ మెల్లగా. "ఆకుల కింద ఎవరో ఊపిరి పీలుస్తున్నారు."

బొచ్చుదొర బొచ్చంతా నిక్కబొడుచుకుంది. "వెళ్లిపోయిన మనుషుల దయ్యం! దిష్టికి వేసిన ఆకులు చాల్లేదు. ఇంకా ఆకులు వెయ్యి!" దయ్యం లేవకుండా తానే వెళ్లి కుప్ప మీద కూర్చున్నాడు.

ఊపిరి ఆగలేదు. ఇంకా దగ్గరగా, ఇంకా వేడిగా వినిపించింది.

"గరుకవ్వా!" అని మెత్తమ్మ కేక పెట్టింది.

ఉడుము అలక మరిచి సరసరా దిగింది. గోడవారనున్న తీగ మీద పొట్ట ఆనించి, చటుక్కున వెనక్కి తీసుకుంది. "దయ్యం కాదే, తీగ ఉడుకుతోంది! ఆ వాసన దాని తొడుగు కాలేదే! లేవరా బొచ్చుదొరా!"

బొచ్చుదొర లేచేలోపే కుప్ప భగ్గుమంది. అంటుకున్న బొచ్చుతో వాడు బయటికి ఉరికాడు. మెత్తమ్మ మూలనున్న నీళ్లకుండ అందుకోబోయింది.

"నీళ్లు వద్దు! ముందు కరెంటు పోవాలి!" గరుకవ్వ గోడ మీద పాకి, తోకతో స్విచ్చును ఫెడీమని కొట్టింది. హీటరు కన్ను మూసింది. ప్లగ్గు ఊడదీశాకనే కుండను మంట మీదకు దొర్లించింది.

ఆ లోపు మెత్తమ్మ పిల్లల్ని ఒక్కొక్కటిగా బయటికి చేర్చింది. చివరిది పొగలో ఉండిపోయింది. గరుకవ్వ దాన్ని నోట కరుచుకొచ్చి నేల మీద పెట్టింది. అది కదల్లేదు. మెత్తమ్మ నాకింది. కదల్లేదు. మళ్లీ నాకింది.

అప్పుడు అది తుమ్మింది. ఆ తుమ్ముకు అడవిలో పొగమంచు సగం విడిపోయిందంటే చూసుకోండి!

తర్వాత గరుకవ్వ నల్ల తీగను దింపింది. చుట్టలు లేకుండా నేల మీద బారుగా పరిచింది. ఒక్క ఆకు కప్పలేదు. హీటరు తప్ప ఇంకేదీ దానికి తగిలించలేదు. గంటగంటకూ పొట్ట ఆనించి చూసుకుంది. పిల్లలు ఆ వెచ్చదనంలో కళ్లు తెరిచాయి.

గుమ్మం బయట బొచ్చుదొర వణుకుతూ నిలబడ్డాడు. కాలిపోయి వీపు మీద, వెనక మీద ఒక్క వెంట్రుక లేదు.

"అవ్వా, నాక్కూడా కాస్త చోటుందా?"

"ఉందిరా. ఆ ఒంటికి అంటిన ఆకులు దులుపుకొని రా."

గోడలోని మూడు కళ్లు మాత్రం ఇప్పటికీ రెప్పవేయలేదు. కాచుకొని చూస్తున్నాయి.

నీతి: ఎక్కువ కరెంటు తాగే వస్తువుకు అందమైన సన్న తీగ కాదు, దాని బరువు మోసే లావు తీగ కావాలి; ఏ తీగనైనా చుట్టి, కప్పి పెట్టినవాడు తన చితి తానే పేర్చుకుంటాడు.