పల్లకీ బోయీల కూలిపన్ను

మణిగిరి అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణభైరవుడికి తన శాసనాలంటే మహా మురిపెం. ఆయన కొత్తగా కూలిపన్ను వేశాడు. పనివాళ్ళకిచ్చే కూలిలో పదోవంతు మినహాయించి యజమానే ఖజానాకు కట్టాలి. తనిఖీలో తప్పు దొరికితే కార్ఖానా జప్తు.

జనం పన్నుకంటే తనిఖీకే ఎక్కువ భయపడ్డారు. ఏది కూలి కిందికి వస్తుందో ఎవరూ వివరంగా చెప్పలేదు మరి. అద్దకం కార్ఖానా నడిపే గురవమ్మ డబ్బు కూలి మీద పన్ను సక్రమంగానే కట్టింది. మధ్యాహ్నం పెట్టే భోజనం కూడా కూలేనని ఆమెకు తెలియదు. తనిఖీదారులు వచ్చి రంగుతొట్లకు ముద్రలు వేసి పోయారు. నానబెట్టిన బట్టలు కుళ్ళిపోతున్నాయనీ, పనివాళ్ళు పస్తులుంటున్నారనీ ఆమె సోమలింగం దగ్గర మొరపెట్టుకుంది.

సోమలింగం ఆస్థానంలో మాటకారి. అయితే శాసనాన్ని తప్పుపట్టినవాళ్ళు ఏమయ్యారో అతను కళ్ళారా చూసినవాడు. అందుకే మర్నాడు సభలో గురవమ్మ ఊసే ఎత్తలేదు. తప్పు లేకుండా పన్ను కట్టడం ప్రజలకు తెలియడం లేదనీ, రాజుగారి కోటనే తనిఖీ చేసి చూపిస్తే అందరూ నేర్చుకుంటారనీ విన్నవించాడు. రాజు పొంగిపోయి ఆ పని అతనికే అప్పగించాడు.

వంటశాలలో, గుర్రపుశాలలో అంతా సరిగ్గానే ఉంది. రాజు మీసం దువ్వుకుంటూ వెంట నడిచాడు. చివరికి వాకిట్లో పల్లకీ బోయీలు కనిపించారు. వాళ్ళకు జీతం ధాన్యంగా ఇస్తున్నారు. దాని మీద ఎన్నడూ పన్ను కట్టలేదు.

అధికారులు తలలు దించుకున్నారు. రాజు మాత్రం తడుముకోలేదు.

"వీళ్ళు కూలివాళ్ళు కారోయ్, నా కన్నబిడ్డలతో సమానం. బిడ్డలకు తిండి పెడితే పన్నేమిటి?"

ఇప్పుడు తగ్గితే గురవమ్మ కార్ఖానా పోయినట్టేనని సోమలింగానికి తెలుసు. అతను తలపాగా సర్దుకుని, బోయీలకు నడుము వంచి నమస్కరించాడు.

"రాకుమారులు ఎండలో నిలబడ్డారేమిటి? లోపలికి దయచేయండి. మంత్రిగారూ, ఏలినవారి తరవాత సింహాసనం ఈ నలుగురిలో ఎవరిదో ఇవాళే తేల్చేద్దాం."

పెద్ద బోయీ బెదిరిపోయి వెనక్కి జరిగాడు. రాజు ముఖం కందగడ్డలా అయింది. మంత్రి వైపు చూశాడు, బోయీల దుమ్ముకాళ్ళ వైపు చూశాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వేశాడు.

"సరేలే, పనివాళ్ళే. పన్ను కట్టేస్తాను. ధాన్యం కూడా లెక్కలోకి వస్తుందని నాకెవరు చెప్పారు?"

"గురవమ్మకూ ఎవరూ చెప్పలేదు ప్రభూ," అన్నాడు సోమలింగం నెమ్మదిగా. ఆమె సంగతంతా అప్పుడు వివరించాడు.

రాజు తొట్ల ముద్రలు తీయించమన్నాడు. గురవమ్మ మిగిలిన పన్ను కడితే చాలనీ, ఇకమీదట ఎవరికైనా ముందు వివరంగా చెప్పాకే తనిఖీకి వెళ్ళాలనీ ఆజ్ఞాపించాడు. తన జరీశాలువా తీసి సోమలింగానికి కప్పి, పల్లకీలో ఇంటికి వెళ్ళమన్నాడు.

సోమలింగం చేతులు జోడించాడు. "శాలువా చాలు ప్రభూ, నడిచే వెళ్తాను. రాకుమారుల భుజాలెక్కేంత ధైర్యం నాకు లేదు."

ఈసారి రాజుతోపాటు బోయీలూ నవ్వారు.