నీళ్లు లేని స్నానం

కాగులో నీళ్లు కాగేదాకా ఒక కథ చెబుతాను, కదలకుండా వినండి. మీ తాతల తాతలకు పాలపళ్లు రాని రోజుల్లో కనకవర్మ అనే రాజుగారు ఉండేవారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒకరోజు వక్రదంతుడనే మాంత్రికుడు వచ్చి, రాజ్యం ఇచ్చెయ్యమన్నాడు. రాజుగారు పొమ్మన్నారు. వాడు ఉఫ్ మని ఊదాడు. అంతే, రాజుగారి ఒంట్లో చలి దూరింది. మండుటెండలో ఏడు కంబళ్లు కప్పినా వణుకే! పాపం, అన్నం ముద్ద నోటిదాకా వెళ్లేది కాదు.

ఒక సముద్రపు కొంగ వచ్చి కొడుకులతో చెప్పింది: "ఏడు సముద్రాల అవతల, సూర్యుడు ముందుగా లేచే దీవిలో నీళ్లు లేని స్నానం ఉంది. అది చేస్తేనే మీ నాన్న బతుకుతాడు."

పెద్దకొడుకు వెళ్లి, ఆ స్నానం చేయించే గుహలోంచి ఒక వేడిరాయి తెచ్చాడు. దారిలోనే చల్లారిపోయింది. రెండోవాడు పట్టుగుడ్డలో చుట్టి తెచ్చాడు. అదీ చల్లారిపోయింది.

మూడోవాడు మణిధరుడు. "రాయిని మోసుకురావడం ఏమిటన్నయ్యా? నాన్నగారినే తీసుకెళ్తాను," అని తండ్రిని వీపున ఎక్కించుకుని ఓడెక్కాడు. వక్రదంతుడు వైద్యుడి వేషం వేసి, ఇంత పెద్ద తలపాగా చుట్టి వెంటబడ్డాడు.

దీవిలో ఒక రాతిగుహ. సాయో అనే అమ్మాయి లోపల కట్టెలు మండించి, బూడిద ఊడ్చి, తడి సముద్రపు నాచు పరిచింది. ఆ ఆవిరికి ఒళ్లంతా చెమట పట్టడమే నీళ్లు లేని స్నానం. గుమ్మంలో వాళ్ల అవ్వ కూర్చుంది.

"తలమీదివన్నీ ఇక్కడే పెట్టండి నాయనా. లోపల రాజూ లేడు, బంటూ లేడు."

రాజుగారు కిరీటం తీశారు. మణిధరుడూ తీశాడు. "నాకు జలుబు అవ్వా," అంటూ మాంత్రికుడు తలపాగాతోనే దూరాడు. లోపల మళ్లీ చలి ఊదాలని వాడి ఎత్తు.

ముగ్గురూ వేడి నాచు మీద పడుకున్నారు. మాంత్రికుడు ఊదబోయి నోరు తెరిచాడో లేదో, తలపాగాలోంచి కేక: "అమ్మో, ఉడికిపోతున్నాను బాబోయ్!"

చిలక! వాడి ప్రాణం అందులోనే ఉంది. అది రివ్వున బయటికెగిరి సాయో చేతిమీద వాలింది. వాడు లబలబలాడుతూ దాని వెంట పరిగెత్తాడు. ఇక ఊదేవాడెవడు? రాజుగారి నుదుట ఒక చెమటబొట్టు. ఇంకొకటి. మరొకటి! మణిధరుడికి ఏడుపొచ్చేసింది.

"ఏడుస్తావేంట్రా పిచ్చి నాన్నా? వీపు రుద్దు," అన్నారు రాజుగారు.

బయట వక్రదంతుడు సాయో కాళ్లమీద పడ్డాడు. "చిలకను చంపకమ్మా!"

"చంపను. నీకు ఊదడం బాగా వచ్చుగా, రోజూ మా పొయ్యి ఊదు," అంది సాయో.

ఆ మాటకు మణిధరుడు పడీపడీ నవ్వాడు. ఆమెనే పెళ్లాడాడు. చిలకతోపాటు వక్రదంతుణ్ణీ తెచ్చి, తన ఊళ్లో రాతిగుహ కట్టించి, కిరీటం గుమ్మంలో తగిలించి నూరేళ్లు ఏలాడు.

లేవండి, నీళ్లు కాగాయి. తలలో చిలకలేమైనా దాచుకున్న వాళ్లుంటే ఇప్పుడే చెప్పండి!