ఎల్లాజీ మూల ముడి

సముద్రం ఒడ్డున వలలు అల్లే ఎల్లాజీ ఆ ఉదయం కోపంగా తన గురువు నూకన్న ఇంటికి వచ్చాడు.

"పాడైన వలను అల్లినవాడే వెనక్కి తీసుకోవాలట. సాయంత్రం ఊరిపెద్దలు కట్టుబాటు రాయబోతున్నారు. మీరొచ్చి వద్దని చెప్పాలి గురువుగారూ. మీ మాట కాదనరు."

"నువ్వేమంటావు?"

"అల్లేది నేను. సముద్రంలో పారేసేది వాళ్లు. అమ్మేశాక అది నా వల ఎలా అవుతుంది? ఊళ్లో చెత్తంతా నా వాకిట్లో పోస్తే నేను అల్లేదెప్పుడు?"

నూకన్న చేపలు కోసే కత్తి తీసుకుని ఒడ్డుకు నడిచాడు. ఎల్లాజీ వెంట వెళ్లాడు.

అలలు ఒక పాత వలను ఇసుక మీదికి తోసేశాయి. అందులో ఒక తాబేలు చిక్కుకుంది. దారం మెడలోకి దిగింది. ఇంకా ప్రాణముంది.

"ఎవరిదిరా ఈ వల?"

ఆ తీరంలో ఒక్కొక్క పనివాడు వల మూలన ఒక్కో రకం ముడి వేస్తాడు. ముడి చూస్తే చెయ్యి ఎవరిదో తెలిసిపోతుంది. ఎల్లాజీ మూల వెతికి పట్టుకున్నాడు. అతని ముఖం వెలిగింది.

"నాదే! ఎనిమిదేళ్ల కిందట అల్లాను. చూడండి, ఒక్క పోగు చెడలేదు."

"మంచి పని," అన్నాడు నూకన్న. కత్తి అతని చేతిలో పెట్టి ఇసుకలో కూర్చున్నాడు.

నైలాను దారం కత్తికి తేలిగ్గా లొంగలేదు. ఎల్లాజీ ఒక్కో పోగూ పట్టి కోశాడు. ఎండ నెత్తికెక్కింది. వేళ్లు తెగాయి. సాయం అడగబోయి ఊరుకున్నాడు. తాబేలు పాక్కుంటూ నీళ్లలోకి వెళ్లేదాకా గురువు అక్కడే కూర్చున్నాడు.

సాయంత్రం సభలో వలలు అల్లేవాళ్లంతా ఒక పక్కన కూర్చుని గోల చేశారు. వాళ్ల మధ్య నుంచి ఎల్లాజీ లేచాడు.

"నా వలలు నాకే తెచ్చివ్వండి. కట్టుబాటు కింద మొదట నా పేరు రాయండి."

"చిరిగినవి కూడానా?" ఒకడు వెక్కిరించాడు.

"నా వలలు చిరగవురా. అందుకే తీసుకుంటానంటున్నాను."

సభ గొల్లున నవ్వింది. పెద్దలు మాత్రం నవ్వలేదు, రాశారు. కాసేపటికి ఇంకొకడు లేచి తన పేరు చెప్పాడు. ఆ తర్వాత మరొకడు.

ఇంకా ఒప్పుకోని ఒకడు నూకన్న మీద విరుచుకుపడ్డాడు. "బంగారంలాంటి పనివాణ్ణి చెడగొట్టావు కదయ్యా పెద్దాయనా!"

నూకన్న తలెత్తాడు.

"వాడికి పని వచ్చింది ఇవాళే," అన్నాడు.