మూరెడు చైను

ఉమామహేశ్వరం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, జవాబుకు బదులు అడిగినవాడికే ఏదో ఒక పని అప్పగించడం ఆయన అలవాటు. అందుకే ఆయన పెరడు ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది. శిష్యుల సందేహాలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

ఒక గురువారం త్రివిక్రమరావు వచ్చి నమస్కరించాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. గుమ్మం దాటేటప్పుడల్లా వంగుతాడు; అది వినయమని కొత్తవాళ్ళు పొరబడుతుంటారు. మల్లవరంలో ప్రతి ఆదివారం వేదాంత పాఠం చెప్పే పని గురువుగారు అతనికి అప్పగించి రెండు నెలలైంది. మొదట్లో నలభై మంది వచ్చేవారు. మొన్న ఆరుగురు వచ్చారు, అందులో ఇద్దరు నిద్రపోయారు. ఈ ఆదివారమూ ఇంతే అయితే ఇక పాఠం వద్దని ఆ ఊరివాళ్ళు కబురు పెట్టారు.

“పాఠంలో ఒక్క తప్పు లేదండీ. ఐదు వ్యాఖ్యానాలు చదివి మరీ చెబుతున్నాను. ఇంకా ఏం చేర్చమంటారు?” అని అడిగాడు.

“ముందు నా బండి సంగతి చూడు. శనివారానికి నేను ఎక్కి తిరగాలి,” అన్నారు గురువుగారు.

బండి అంటే, మోకాళ్ళు మొరాయించాక ఆయన తెప్పించుకున్న మూడు చక్రాల సైకిలు. సీటు నేలకు దగ్గరగా, పడకకుర్చీలా ఉంటుంది. అందులో వెనక్కి వాలి, కాళ్ళు ముందుకు చాపి తొక్కాలి. పెడళ్ళు ముందుకు పొడుచుకొచ్చిన గొట్టం కొసన ఉంటాయి. చైనేమో మూడు మామూలు సైకిళ్ళ చైన్లు కలిపినంత పొడుగు.

త్రివిక్రమరావు రెండు రోజులు వసారా వదల్లేదు. చైను కిరసనాయిల్లో కడిగాడు, గేర్లు మార్చాడు, సీటుకు కొత్త కాన్వాసు బిగించాడు. నడిపి చూస్తే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఇదేదో లోపమనుకుని, బోల్టు వదులుచేసి గొట్టాన్ని జానెడు ముందుకు లాగాడు. చైను చాలకపోతే మూరెడు అతికాడు. ఆపైన పెరట్లో ఏడు చుట్లు కొట్టి, “ఇప్పుడు కుదిరింది” అన్నాడు. చుట్టూ చేరిన తోటి శిష్యులం మేమంతా ఔనన్నాం.

శనివారం గురువుగారు ఎక్కారు. ఆయన ఐదడుగులకు కాస్త తక్కువ. ఎంత చాపినా పెడళ్ళు ఇంకా జానెడు అవతలే ఉన్నాయి. ఆయన పాదాలు ఎంతో శ్రద్ధగా గాలిని తొక్కసాగాయి. బండి కదల్లేదు.

త్రివిక్రమరావు కంగారుగా బ్రేకులు చూశాడు. గేర్లు చూశాడు. నూనె తెచ్చి మరో నాలుగు చుక్కలు వేశాడు. “నిన్న బాగానే పోయిందండీ,” అన్నాడు చక్రాన్ని నిలదీస్తున్నట్టు.

“బండిలో తప్పేం లేదు నాయనా,” అన్నారు గురువుగారు, తొక్కుతూనే. “పొట్టిగా పుట్టడం నా పొరపాటు.”

అప్పుడు చూశాడు త్రివిక్రమరావు ఆ పాదాల వైపు. నేలమీద చతికిలబడి, రెండు రోజుల్లో మొదటిసారిగా గురువుగారిని బండి గురించి ఒక మాట అడిగాడు: “ఒకసారి కాలు చాపుతారా?”

గొట్టం వెనక్కి జరిగింది. వేలాడిన చైనులోంచి మూరెడు ముక్క ఊడింది. బండి కదిలింది.

అతను ఆ ముక్క చేత్తో పట్టుకునే గేటు దాకా పరుగెత్తాడు. “మరి నా ప్రశ్నండీ?”

“మల్లవరం వాళ్ళు ఎంత పొడుగుంటారు?”

అతను మా వైపు చూశాడు. మేము ఆకాశం వైపు చూశాం. “ఎప్పుడూ కొలవలేదండీ,” అన్నాడు.

“ఆ చైను ముక్క పారెయ్యకు,” అన్నారు గురువుగారు మలుపు తిరుగుతూ. “రేపు జేబులో వేసుకెళ్ళు.”