నేలసంపెంగ మడిలో మంగతాయి

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే ఏటి మధ్యనుండే చిన్న లంక ఊరులే, సూరమ్మ అనే ఒకావిడ ఉండేది. ఆవిడకి నేలసంపెంగ తోట ఉండేది. నేలసంపెంగ తెలుసుగా బుజ్జీ? పొడుగు కాడకి తెల్లటి పూలు పూస్తుంది, సాయంత్రమయ్యేసరికి వీధి వీధంతా ఘుమఘుమలాడిపోతుంది, అదీ.

ఆ ఏడు వానాకాలంలో ఏటికి వరదొచ్చింది. నాలుగు మళ్ళుంటే మూడు మళ్ళు వారం రోజులు నీళ్ళకింద నానాయి. దుంపలన్నీ కుళ్ళిపోయాయి. మెరకమీదున్న ఒక్క మడి మిగిలింది. మళ్ళీ తోట వెయ్యాలంటే విత్తనానికి ఆ దుంపలే దిక్కు. అవీ పోతే ఇంటిల్లిపాదీ పరాయి తోటల్లో కూలికి పోవాల్సిందే.

ఆ తర్వాత సూరమ్మ కొడుకు బుల్లియ్యకి పెళ్ళయింది. కోడలి పేరు మంగతాయి. వరిచేల ఊరి పిల్ల. కలుపు తియ్యడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. వంగిందంటే గట్టు చేరేదాకా నడుమెత్తేది కాదు. ఆ సంగతి ఊళ్ళోవాళ్ళు మర్చిపోయినా అది మర్చిపోయేది కాదు. పనిమంతురాలికి ఆపాటి గర్వం ఉంటుందిలే.

శివరాత్రి వెళ్ళింది. చలి శివశివా అంటూ పోయింది. అప్పుడు ఏటి అవతలనుంచి కబురొచ్చింది, సూరమ్మ కూతురికి నెలలు నిండాయని. సూరమ్మ మూట కట్టుకుని, కోడల్ని మడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఎండిన ఆకులన్నీ కోసేసి ఉన్నారేమో, మడంతా బోడిగా ఉంది.

“అమ్మాయ్, దుంపలు లోపల నిద్రపోతున్నాయి. రేపోమాపో లేస్తాయి. వాటితోపాటే తుంగా లేస్తుంది. దాన్ని ఉండనిచ్చామో, దుంపకి తిండి దక్కదు. ఇరవై రోజుల్లో వచ్చేస్తాను. మడి నీ చేతిలో పెట్టి వెళ్తున్నా,” అంది సూరమ్మ.

“నాకు కలుపు కొత్తా అత్తయ్యా? మీరు నిశ్చింతగా వెళ్ళిరండి,” అంది మంగతాయి.

ఏ మొలక ఎలా ఉంటుందో ఒక్కమాట అడగొచ్చుగా? అడగలేదు. ఆవిడా చెప్పలేదు. పడవ వెళ్ళిపోయింది.

నాలుగు రోజులకి మడి కళ్ళు తెరిచింది. ఎక్కడ చూసినా వేలెడెత్తు పచ్చటి సూదులే. తుంగని మంగతాయి ఎరగదా అంటే, ఎరుగును. కానీ చేలో తుంగ మోకాలెత్తు ఉంటుంది, నెత్తిన గోధుమరంగు పువ్వుంటుంది. పుట్టీ పుట్టని మొలకని ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు మంగతాయి ఏం చేసింది? వాళ్ళ ఊళ్ళో చేసినట్టే చేసింది. వాళ్ళ ఊళ్ళో తాడు పట్టి వరసగా నాట్లేసేవాళ్ళు. వరసలో ఉన్నది వరి, వరస తప్పింది కలుపు. అదే లెక్కన ఇక్కడా బోదెమీద, అంటే దుంపలు నాటిన మట్టిగట్టుమీద, వరసలో ఉన్నవన్నీ ఉంచేసింది, పక్కకి మొలిచినవన్నీ పరపరా పీకేసింది. పొద్దెక్కేసరికి సగం మడి అయిపోయింది.

ఆ తర్వాత చేతులు కడుక్కుంటూ పీకిన కుప్పవైపు చూసింది. ఒకదానికి వేళ్ళ దగ్గర తెల్లటి బుల్లి ఉల్లిపాయలాంటిది వేలాడుతోంది. ఇంకోటి తీసింది. దానికీ ఉంది. మంగతాయి గబగబా కుప్పంతా తిరగేసింది. సంపెంగ దుంప వరిమొక్క కాదుగా బుజ్జీ! పూసిన తల్లిదుంప అలిసిపోతుంది, దాని పిల్లలు పక్కకి జరిగి, ఎక్కడ చోటు దొరికితే అక్కడ తల ఎత్తుతాయి. మంగతాయి పిల్లల్ని పీకేసి, తల్లుల నెత్తిన లేచిన తుంగని కాపాడుకుంటూ వచ్చింది.

అక్కడే కూలబడి ఏడ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, “ఏడిస్తే దుంప లేస్తుందా?” అని తనని తనే కోప్పడి లేచింది. ఈ మడిని బతికించే తీరాలనుకుంది.

ముందు మొగుణ్ణి అడిగింది. బుల్లియ్య బుర్ర గోక్కున్నాడు. “పూలు మొయ్యడం నా పని. మొలకల సంగతంతా అమ్మదే. నాకన్నీ పచ్చగానే కనిపిస్తాయి మరి,” అన్నాడు.

అప్పుడు పక్క తోట సత్తెయ్య తాతని అడిగింది. తాత చుట్ట తీసి, “నా చూపు ఆనదే అమ్మా. మీ అత్త వచ్చేదాకా ముట్టుకోకు,” అన్నాడు. ముట్టుకోకపోతే ఎలా? అత్త వచ్చేలోగా తుంగ మడినంతా మింగేస్తుంది.

ఇక అడగడానికి మడే మిగిలింది. మంగతాయి మోకాళ్ళమీద కూర్చుని, ఒక మొలక మొదలు పట్టుకుని రెండు వేళ్ళమధ్య మెల్లగా తిప్పింది. మూడు పలకలు తగిలాయి. “ఓసి నీ! నువ్వా!” అంది. చిన్నప్పట్నించీ వేలసార్లు పట్టి పీకిన తుంగ కాడ కదా, కళ్ళు మోసపోయినా వేళ్ళు మర్చిపోలేదు. పక్కదాన్ని తిప్పింది. నున్నగా, గుండ్రంగా ఉంది, అడుగున ఎర్రటి జీర ఉంది. “నువ్వు మావాళ్ళ పిల్లవి,” అని వదిలేసింది.

ఆ సాయంత్రమే పీకిన దుంపలన్నీ ఏరి మళ్ళీ నాటింది. తాటాకులు కప్పి, చెంబుతో నీళ్ళు పోసింది. మర్నాటినుంచి ఒక్కో మొలకనీ వేళ్ళతో తిప్పి చూడటం, తుంగైతే బొరిగెతో తవ్వి కింద వేళ్ళకున్న నల్ల తుంగకాయతో సహా తియ్యడం. ఎంత పని! మోకాళ్ళు దోక్కుపోయాయి. బుల్లియ్య రెండు రోజులు నవ్వాడు, మూడోనాడు తనూ పక్కన కూర్చున్నాడు. నాటినవాటిలో కొన్ని వాడిపోయాయి.  అయినా మంగతాయి ఉడుంపట్టు వదల్లేదు.

ఇరవై రోజులకి సూరమ్మ వచ్చింది. ఆవిడ పడవ దిగకముందే మంగతాయి రేవులోకి పరిగెత్తింది.

“అత్తయ్యా, సంపెంగ పిల్లల్ని కలుపనుకుని పీకేశాను. మళ్ళీ నాటాను. చాలావరకు బతికాయి, కొన్ని పోయాయి. తప్పు నాదే,” అని గబగబా చెప్పేసింది.

సూరమ్మ పడవ దిగింది. నేరుగా మడి దగ్గరికి వెళ్ళింది. ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచింది. ఎక్కడా తుంగ లేదు. జానెడెత్తు సంపెంగ పిలకలు మడంతా నిండుగా ఉన్నాయి, రెండు మళ్ళకి సరిపోయే విత్తనం ఉంది.

అప్పుడు సూరమ్మ గట్టుమీద కూర్చుని కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

“కాపరానికొచ్చిన కొత్తలో నేనూ పీకాను తల్లీ. నీకంటే ఎక్కువే. మా అత్త అడిగితే పందికొక్కులు తినేశాయన్నాను. పాపం, ఆవిడ బతికున్నన్నాళ్ళూ పందికొక్కుల్నే తిట్టింది. మొలకల తేడా ఎత్తితే నేను పీకిన సంగతీ బయటపడుతుందని నీకు చెప్పడానికి కూడా నోరు రాలేదు నాకు,” అంది.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముందు సూరమ్మకి నవ్వొచ్చింది, తర్వాత కన్నీళ్ళొచ్చాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుని, “పద, రెండో మడి ఎక్కడ వేద్దామో నువ్వే చెప్పు,” అంది.

తుంగకేమో మూడు పలకలు,
సంపెంగకేమో బోలెడు పిలకలు,
మంగతాయి కళ్ళల్లో మిలమిలలు!
కథ వెళ్ళిపోయింది కంచికి,
మనం చేరాం మంచానికి.