ముప్పావుగంటకి ఒక్క తోం

తాళజ్ఞానంలో నన్ను మించినవాడు కాకినాడలో లేడు. ఈ సంగతి మా వీధి వీధంతా ఒప్పుకుంటుంది. మా వీధిలో ఉన్నవి నాలుగిళ్లు. ఒకటి మాది, రెండిట్లో ఎవరూ ఉండరు, నాలుగో ఇంటి పెద్దాయనకి చెవుడు.

మా గురువుగారు, మృదంగ విద్వాంసులు నేమాని లక్ష్మీపతిగారు, ఇలాంటి మాటలు వింటే నవ్వరు, కోప్పడరు. పని చెబుతారు. ఆయనదో అలవాటు: ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. లయ అంటే ఏమిటండీ అని ఓసారి అడిగిన పాపానికి పెరట్లో రాలిన కొబ్బరికాయలన్నీ నా చేత ఒలిపించారు. అప్పట్నుంచి శిష్యులం పెద్ద ప్రశ్నలు మింగేసి, చిన్నవాటితో కాలక్షేపం చేస్తున్నాం.

అయినా కార్తీకమాసం రేపోమాపో వస్తుందనగా ఒక మధ్యాహ్నం అడగక తప్పింది కాదు. దానికి కారకురాలు ఆయన మనవరాలు మాళవిక. ఆ పిల్ల రెండేళ్లు కష్టపడి ఒక ఆల్బమ్ చేసింది. కంప్యూటర్లో పుట్టించిన ధ్వనులు, పెద్ద వాద్యబృందం వాయించిన వయొలిన్లు, చెల్లోలు, వాటి మధ్య ఉప్పాడ సముద్రపు హోరు, మన రేవులో ఓడ వేసే కూత, అన్నీ కలిపి ముప్పావుగంట. పల్లవి లేదు, చరణం లేదు, తాళం అసలే లేదు. దాన్ని హైదరాబాదులో వేదిక మీద వాద్యబృందంతో వాయిస్తూ వినిపించబోతోంది. మృదంగానికి నన్ను పిలిచింది.

పదేళ్లు నేర్చుకుని నేనెక్కిన అతిపెద్ద వేదిక మా మేనమామ కూతురి పెళ్లి రిసెప్షను. అందుకని పిలుపు వినగానే ఎగిరి గంతేశాను. గంతు పూర్తయ్యేదాకా ఆగి, మాళవిక మిగతాది చెప్పింది.

"నీది ఒక్క తోం, సోమూ. చివర్లో."

"ఒక్క తోమా? దానికి ముందు?"

"ముందేం లేదు. వింటూ కూర్చుంటావు."

"ఎన్నో నిమిషంలో వెయ్యాలి?"

"నీకే తెలుస్తుంది. సాయంత్రంలోగా చెప్పెయ్. రాజమండ్రి అబ్బాయొకడు సిద్ధంగా ఉన్నాడు."

ఒప్పుకుంటే ఒక్క దెబ్బ విద్వాంసుడని స్నేహితులు జన్మంతా ఏడిపిస్తారు. ఒప్పుకోకపోతే ఆ వేదిక రాజమండ్రి వాడిది. ఏం చెయ్యాలో తోచక, కొబ్బరికాయలకి సిద్ధపడే వెళ్లి గురువుగారి ముందు కూర్చున్నాను.

"గురువుగారూ, ఒక్క దెబ్బ కోసం ముప్పావుగంట కూర్చోవాలట. ఆలోపు మృదంగానికి ఎడమవైపు నాదం కోసం అంటించుకున్న తడి రవ్వ ముద్ద ఎండిపోతుంది. నేనూ ఎండిపోతాను. అంతసేపూ వాయించేవాడు చెయ్యాల్సిన పనేమిటండీ?"

ఆయన నావైపు చూడనైనా చూడలేదు. "మాళవికా, అదేదో పెట్టమ్మా. వీడు తోం వేస్తాడు, విందాం" అన్నారు.

మృదంగం ముందు పెట్టుకుని కూర్చున్నాను. స్పీకర్లలోంచి సముద్రం వచ్చింది. నా కుడిచెయ్యి నన్నడక్కుండానే తొడ మీద ఆది తాళం మొదలుపెట్టింది. అలకీ అలకీ మధ్య ఎడం కొలిచాను. రెండో అలకే లెక్క చెడింది. సర్దుకుని చెల్లోల మీద కొలిచాను. అవి ఊపిరి పీల్చుకున్నట్టు ఒకసారి తొందరగా, ఒకసారి తీరిగ్గా వస్తున్నాయి. ఇంతలో ఓడ కూత. దాన్ని కంప్యూటర్లో ఎంత సాగదీసిందంటే, అది ఎక్కడ మొదలైందో గుర్తుంది కానీ ఎక్కడ ఆగిందో ఇప్పటికీ నాకు తెలీదు. అయినా నేను వదల్లేదు. తొడ ఎర్రబడేదాకా లెక్కపెట్టి, పక్కా ఆవర్తనం పూర్తిచేసి, తాళం మళ్లీ మొదలయ్యే సమం మీద ఠంచనుగా కొట్టాను. తోం!

వంటింట్లోంచి గురువుగారి భార్య సుభద్రమ్మగారి గొంతు వినిపించింది. "ఏం పడిందే మాళవికా? ఇత్తడి బిందేనా?"

మాళవిక తల పట్టుకుంది. నేను మాత్రం తగ్గలేదు. "నా లెక్క సరిగ్గానే ఉందండీ. తాళం తప్పుతున్నది ఆ సముద్రం."

గురువుగారు మొదటిసారి నావైపు చూశారు. "వంటింట్లో అమ్మగారు కార్తీకానికి వత్తులు చేసుకోవాలంటున్నారు. కాస్త సాయం చెయ్యరా. మాళవికా, నువ్వు మళ్లీ మొదట్నుంచి పెట్టు."

అనుకున్నంతా అయింది. సుభద్రమ్మగారు శుభ్రం చేసిన పత్తీ, వేళ్లకి అద్దుకోవడానికి విభూతీ నా ముందు పెట్టి ఎలా తియ్యాలో చూపించారు. పత్తిలోంచి చిన్న కొస పట్టుకుని, మెలిపెడుతూ, సన్నగా తీగలా తియ్యాలి. చూడ్డానికి ఎంత సులువో! మళ్లీ సముద్రం వచ్చింది. నా చేతులు సముద్రాన్ని పక్కన పెట్టి ఆది తాళంలో లాగాయి. తెగింది. రూపకంలో లాగాను. తెగింది. నాకు వచ్చిన తాళాలన్నీ ఆ పత్తి మీద ప్రయోగించాను. నా ముందు తెగిన ముక్కలు కుప్ప పడ్డాయి.

"లాగకు నాయనా, అదే వస్తుంది" అన్నారావిడ. "నీ వాయింపు మృదంగం మీద చూపించు, పత్తి మీదెందుకు?"

మాళవిక నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకుంది. ఆ పిల్ల ముందు పరువు దక్కించుకోవడానికైనా ఒక్క వత్తి పూర్తి చెయ్యాలని పంతం పట్టాను. చూపంతా వేళ్ల మీదే పెట్టాను. అప్పుడు లెక్కపెట్టడానికి నాలో ఎవరూ ఖాళీగా లేరు.

ఎప్పుడో గమనించాను, పోగు తెగడం లేదు. వేళ్ల మధ్యనుంచి వస్తూనే ఉంది. ఓడ కూత కూడా అలాగే వస్తోంది. దాని అడుగున చెల్లోలు మొదట్నుంచీ ఉన్నాయని ఇందాక నాకు తెలియనే లేదు. కూత సన్నబడుతున్నకొద్దీ అవి పైకి తేలాయి. వయొలిన్లు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. సముద్రం దూరం జరిగింది. కంప్యూటర్ ధ్వని ఒక్కటే, తంబురా శ్రుతిలా, గదిలో మిగిలింది. ఆ తర్వాత అదీ పలచబడి, వినిపిస్తోందో లేదో తెలియని చోటికి వచ్చి నిలిచింది.

సరిగ్గా అక్కడ నేను పత్తి వదిలి, చెయ్యెత్తి, ముత్యంలాంటి తోం ఒకటి వేశానని మా స్నేహితులందరికీ చెప్పాను. గోడలు పులకించాయని కూడా కలిపాను. మీకూ అదే చెబుదామనుకున్నాను కానీ, ఆ గదిలో ఉన్న ముగ్గురూ ఇంకా ఇదే ఊళ్లో ఉన్నారు.

నిజానికి నేనేమీ వెయ్యలేదు. నోరు తెరుచుకుని, ముక్కుకి విభూతి పూసుకుని, ఒళ్లో బారెడు వత్తి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మృదంగం నా ముందే ఉంది. చెయ్యి దానివైపు పోలేదు. సంగీతం అయిపోయింది. మాళవిక కంప్యూటర్ మూసేసిన చప్పుడుకి గాని తెలివి రాలేదు.

"రాజమండ్రి అబ్బాయికి చెప్పెయ్ మాళవికా" అన్నాను తల దించుకుని. "చోటు దాటిపోయింది. చివర్లో అంతా సద్దుమణిగిపోయినప్పుడు... అక్కడ నాకు వెయ్యబుద్ధే కాలేదు."

గురువుగారు నా ఒళ్లో వత్తిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, సుభద్రమ్మగారి చేతికిచ్చారు.

"అక్కడే వెయ్యి" అన్నారు.