మార్తమ్మ నడుము

ఒంగోలులో పరాంకుశం మాస్టారి ఫిజియోథెరపీ గదిలో పని నేర్చుకునేవాళ్లకు ఆయన అలవాటు తెలుసు. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడు. ఎదురుగా ఉన్న రోగిని చూడమంటాడు, కొన్నిసార్లు నెలల తరబడి. నసీమా చదువు ముగించుకుని ఆయన దగ్గర చేరిన కొత్తలో అడిగిన ప్రశ్న ఇది.

"మాస్టారూ, స్కానింగులో ఏమీ లేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు అంతా సవ్యంగా ఉందని రాశాడు. ఆవిడ మాత్రం నొప్పి అంటోంది. మనం ఎవరిని నమ్మాలి?"

ఆవిడ అంటే మార్తమ్మ. పొగాకు గ్రేడింగ్ షెడ్డులో నేల మీద కూర్చుని ఆకును రంగును బట్టి వేరుచేసే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉంది. పద్నాలుగు నెలల కిందట వెన్నుకు ఆపరేషన్ అయింది. కాలిలోకి దిగే మంట పోయింది గాని నడుములో నొప్పి మిగిలిపోయింది. చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిచోటా అంతా బాగుందనే అన్నారు. ఇంట్లో భర్త కూడా ఆ మాటే పట్టుకుని, మంచం దిగమని సాధించేవాడు. ఆ ఉదయం నసీమా స్కానింగు ఫిల్మును కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, మంచి మనసుతోనే, "అంతా బాగుందమ్మా, భయం పెట్టుకోకండి" అంది.

మార్తమ్మ ఆమె చేతిలోంచి ఫిల్ము లాక్కుని బల్ల మీద కొట్టింది.

"ఈ బొమ్మ బాగుంటే రేపటి నుంచి బొమ్మనే షెడ్డుకి పంపిస్తా. ఇదే కూర్చుని ఆకు ఏరుద్ది. నేను ఇంట్లో పడుకుంటా."

నసీమా ముఖం ఎర్రబడింది. పక్క గదిలోకి వెళ్లి మాస్టారిని ఆ ప్రశ్న అడిగింది అప్పుడే.

మాస్టారు లేచి వచ్చాడు. మార్తమ్మ కాళ్లలో బలం, స్పర్శ పరీక్షించాడు. మళ్లీ కత్తి పెట్టవలసిన గుర్తులేవీ కనిపించలేదు. అప్పుడు పాత కాగితాల కట్ట ఒకటి ఆమె ముందు పెట్టి, షెడ్డులో కూర్చున్నట్టే కూర్చుని వాటిని వేరుచేయమన్నాడు.

"నేను నటిస్తన్నానో లేదో చూడ్డానికా?" అంది మార్తమ్మ.

"నొప్పి ఎప్పుడు మొదలవుతుందో చూడ్డానికి" అన్నాడు మాస్టారు.

ఆమె కసిగా కూర్చుని కాగితాలు విసిరినట్టు వేరుచేయసాగింది. కొంతసేపటికి ఎడమ చెయ్యి దానంతటదే నేలకు ఆనుకుంది. మాస్టారు గోడ గడియారం వైపు చూసి తొమ్మిది నిమిషాలన్నాడు. నొప్పి ఎంతసేపటికి వస్తుందని ఇంతవరకు ఎవరైనా అడిగారా అని ఆమెనడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆయన చెప్పిన వైద్యం ఇంతే. నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఏడో నిమిషానికే లేవాలి, నాలుగడుగులు నడవాలి, మళ్లీ కూర్చోవాలి. పొద్దునా సాయంత్రం వేడి కాపడం, బోర్లా పడుకుని నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, కాళ్లకు రెండు సాగదీతలు. కుదిరినప్పుడల్లా ఒక్కో నిమిషం పెంచుకోవాలి.

"లేచి నడవమని చెప్పడానికి ఇంత చదువు చదవాలా?" అంది మార్తమ్మ. అయినా వారానికి రెండుసార్లు వచ్చేది. వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరిని తిట్టేది.

అయిదు వారాలకు ఇంట్లో పదిహేను నిమిషాలు కూర్చోగలిగింది. షెడ్డులో మాత్రం ఏ మార్పూ లేదు. మాస్టారు నసీమాను వెళ్లి చూసి రమ్మన్నాడు.

షెడ్డులో ఆకు ఘాటుకు నసీమా కళ్లు మండాయి. మార్తమ్మ పక్కనే గోనె మీద కూర్చుంది. కాసేపటికి మార్తమ్మ చేతులు నేలకు ఆన్చి లేవబోయింది. కూలీల పని చూసే మేస్త్రీ రాఘవులు దూరం నుంచే గొంతెత్తాడు.

"మళ్లీ లేస్తున్నావేంది? ఆపరేషన్ చేయించుకుని కూడా ఈ నాటకాలేనా? కూర్చో."

మార్తమ్మ సగం లేచినదల్లా కూర్చుంది. ఇన్నాళ్లూ ఇక్కడ జరుగుతున్నదేమిటో నసీమాకు అర్థమైంది. మేస్త్రీ దగ్గరికి వచ్చి, మర్యాదగానే, "మీరైనా చెప్పండి మేడమ్. డాక్టర్లు అంతా బాగుందన్నారంట గదా?" అన్నాడు.

తాను మొదటిరోజు అన్న మాటే అతని నోట వచ్చింది. నసీమా లేచి నిలబడింది.

"ఆవిడకు నొప్పి ఉంది. నేను చూశాను. లేవకపోతే పెరుగుతుంది. ఇది మందు, నాటకం కాదు."

మార్తమ్మ అప్పుడు పూర్తిగా లేచింది. నడుము మీద చేతులు పెట్టుకుని మేస్త్రీ ఎదురుగా నిలబడింది. "సాయంత్రం నా పని చూసి మాట్లాడు" అంది. అతను ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం వెనక వరసలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా లేచి అటూ ఇటూ నడిచారు. వాళ్ల నడుముల సంగతి అంతకుముందు ఎవరికీ తెలియదు.

మూడు నెలలు గడిచాయి. మార్తమ్మ షెడ్డులోనే అరగంట కూర్చోగలుగుతోంది. రాత్రి నిద్ర పడుతోంది. నొప్పి పూర్తిగా పోలేదు, పోతుందని మాస్టారు చెప్పనూ లేదు. ఒకరోజు ఆమె తనంతట తానే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లింది. తన కాగితంలో అంతా బాగుందన్న మాట కింద నొప్పి ఉందని రాయమంది. డాక్టరు తీరిక లేదన్నాడు. ఆమె గది గుమ్మంలో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేనంది. తరవాతి రోగులు ఆమెను దాటుకుంటూ లోపలికి వెళ్లి వచ్చారు. చివరికి ఆయన రాసి సంతకం చేశాడు.

ఆ కాగితం తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టింది. "ఏడాదిన్నర పాటు నన్ను అబద్ధాలకోరును చేశారు" అంది. కాగితం మడిచి జాకెట్టులో దోపుకుని, వ్యాయామం ముగించి వెళ్లిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా నసీమా కిటికీలోంచి చూసింది.

"మాస్టారూ, నొప్పి సగానికి తగ్గింది. ఆ కోపం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. దానికేం చేద్దాం?"

మాస్టారు బల్ల మీది దుప్పటి దులిపి పరుస్తున్నాడు.

"ఆవిడ వైద్యానికని మనకు చూపించింది నడుమునే కదమ్మా, కోపాన్ని కాదు" అన్నాడు.